మేఘనాద్ సాహా కడిగిన కంచం

ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ ప్రతిభ అనే మాట మన తరగతి గదుల్లో, బస్టాండు టీకొట్ల దగ్గర మళ్లీ ఊపందుకుంటుంది. ప్రతిభ ఒకవైపు, సహాయం మరోవైపు నిలబడినట్టు, ఒకటి ఉన్నచోట రెండోది ఉండకూడదన్నట్టు మాట్లాడటం మనకు అలవాటైపోయింది. అనంతపురం కరువు నేలలోని తనకల్లులో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం బోధించినవాడిగా ఈ వాదన నాకు కొత్త కాదు. ఉపకార వేతనం తీసుకునే పిల్లవాడు తన మార్కులను తానే తక్కువ చేసి చెప్పుకోవడం చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు నాకు ఏ సామాజిక శాస్త్రవేత్తా గుర్తుకు రాడు. నక్షత్రాల వేడికీ వాటి కాంతిలోని గీతలకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా గుర్తుకు వస్తారు.

ముందుగా ఒక సవరణ. మన సభల్లో కొందరు వక్తలు సాహాను దళిత శాస్త్రవేత్తగా పరిచయం చేస్తుంటారు. అభిమానంతోనే అంటారు గానీ అది సరికాదు. బెంగాల్‌లో సాహాలు వ్యాపారం చేసుకునే శూద్ర కులం. సారాయి తయారీ, అమ్మకాలతో ముడిపడిన శుండి కులంలో భాగంగా వారిని చూసేవారు. పై కులాలవారు వారి చేతి నీళ్లు పుచ్చుకునేవారు కారు. వైశ్య హోదా కోసం ఆ కులం చాలాకాలం పోరాడింది. నేటికీ పశ్చిమ బెంగాల్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో శుండి కులం పేరు పక్కనే, సాహాలను మినహాయించి, అన్న షరతు ఉంది. కులం నిచ్చెన అన్నది నిజమే గానీ దాని మెట్లన్నీ ఒక్కలా ఉండవు. ఒక మెట్టు మీద నిలబడ్డవాడి అవమానాన్ని ఇంకో మెట్టు పేరుతో చెబితే ఇద్దరికీ అన్యాయం చేసినవాళ్లమవుతాం.

సాహా 1893 అక్టోబర్ 6న ఢాకా జిల్లాలోని శేవరాతలి అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జగన్నాథ్‌కు చిన్న కిరాణా కొట్టు. తల్లి భువనేశ్వరీదేవి. ఎనిమిది మంది సంతానంలో ఈయన అయిదోవాడు. పుట్టిన రాత్రి గాలివాన కురిసిందని మబ్బుల దేవుడి పేరుతో మేఘనాథ్ అని పిలుచుకున్నారని, తర్వాతి కాలంలో ఆయనే దాన్ని మేఘనాద్‌గా మార్చుకున్నారని జీవిత చరిత్రకారులు రాశారు. మారింది ఒక్క అక్షరమే. కానీ దేవుడి పేరు పోయి రావణుడి కొడుకు పేరు వచ్చింది. మైకేల్ మధుసూదన దత్తు కావ్యంలో మేఘనాదుడు, అంటే మన ఇంద్రజిత్తు, కుట్రకు బలైన వీరుడు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ చదివిన తెలుగు పాఠకులకు ఆ పేరు మార్పులోని అర్థాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఊళ్లో ప్రాథమిక పాఠశాల దాటితే చదువు లేదు. కొట్లో కూర్చుంటే చాలునన్నది తండ్రి అభిప్రాయం. మాధ్యమిక పాఠశాల సిమూలియాలో ఉంది. రోజూ నడిచి వెళ్లి వచ్చే దూరం కాదు, అక్కడ ఉంచి చదివించే స్తోమత లేదు. అన్న జయనాథ్ ఊళ్లు తిరిగి ఒక దాతను వెతికాడు. అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు కుర్రవాడికి తన ఇంట్లో తిండి, నీడ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. షరతులు రెండు. ఇంటి ఆవును చూసుకోవాలి. తిన్న కంచం తానే కడుక్కోవాలి.

ఆవును చూసుకోవడం పని. కంచం కడుక్కోవడం కులం. ఆ ఇంట్లో ఆ ఎంగిలి కంచాన్ని ముట్టుకునేవారు లేరు. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన రాయలసీమ వారికి ఈ కంచం పరాయిది కాదు. అయినా ఆ వైద్యుడి మేలును సాహా జీవితాంతం కృతజ్ఞతతోనే తలచుకున్నారు. ఈ రెంటినీ ఒకేచోట పెట్టి చూడటం మనకు కష్టంగా ఉంటుంది. అవమానాన్ని చెబితే కృతజ్ఞత లేనివాడంటారు, కృతజ్ఞత చెబితే అవమానం జరగలేదంటారు. అన్నం, అంటు రెండూ ఒకే చేతి నుంచి రావడమే కుల సమాజంలో సహాయానికి ఉన్న స్వభావం. దాత వ్యక్తిగతంగా మంచివాడై ఉండటం ఆ నియమాన్ని కదిలించలేదు.

ఆ ఇంట్లో ఉండి చదివిన కుర్రవాడు మాధ్యమిక పరీక్షలో ఢాకా జిల్లాకే మొదటివాడుగా వచ్చాడు. నెలకు 4 రూపాయల ప్రభుత్వ ఉపకార వేతనం దొరికింది. 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. జూట్ కంపెనీలో 20 రూపాయల జీతానికి పనిచేసే అన్న అందులోంచి 5 రూపాయలు పంపేవాడు. పూర్వ బెంగాల్ వైశ్య సమితి అనే కుల సంఘం నెలకు 2 రూపాయలు ఇచ్చింది. మొత్తం 11 రూపాయలు. విద్యార్థులకు సాహా సమీకరణం చెప్పే ముందు ఈ కూడికను నల్లబల్ల మీద రాయడం నాకు అలవాటు. సర్కారు నాలుగు, అన్న అయిదు, కులం రెండు. ఇందులో ఏ అంకెను తీసేసినా ఆ తర్వాతి సమీకరణం ఉండేది కాదు.

అందులో ఒక అంకె నిజంగానే పోయింది. అది బెంగాల్ విభజన జరిగిన ఏడాది. విభజనను సమర్థించిన లెఫ్టినెంట్ గవర్నర్ ఫుల్లర్ పాఠశాలకు వచ్చినప్పుడు జరిగిన నిరసనలో పాల్గొన్నందుకు మేఘనాద్‌ను బడి నుంచి పంపించివేశారు, వేతనం రద్దు చేశారు. పన్నెండేళ్ల పిల్లవాడికి సామ్రాజ్యం విధించిన శిక్ష నెలకు నాలుగు రూపాయలు. కిశోరీలాల్ జూబిలీ స్కూలు అనే ప్రైవేటు బడి అతణ్ణి చేర్చుకుంది. 1909 ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్‌లో ప్రథముడు అతనే. ఢాకా కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతూ జర్మన్ నేర్చుకున్నాడు. అప్పటికి అది అదనపు చదువు. పదేళ్ల తర్వాత అదే ఆయనకు తాళంచెవి అయింది.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి, మహలనోబిస్ ఒక ఏడాది ముందువాడు, జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే గురువులు. భారతదేశంలో అంతకు మించిన విజ్ఞాన కేంద్రం ఆనాడు లేదు. ఆ కేంద్రానికి ఆనుకుని ఉన్న ఈడెన్ హిందూ హాస్టల్‌లో మాత్రం, సాహా తమతో కలిసి భోజనశాలలో కూర్చోవడానికి వీల్లేదని పై కులాల విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజ నాడు విగ్రహం ముందుకు వచ్చి పుష్పాంజలి ఘటించనివ్వలేదు. జిల్లాకు మొదటి ర్యాంకు, తూర్పు బెంగాల్‌కు మొదటి ర్యాంకు తెచ్చుకున్న కుర్రవాడు చదువుల తల్లికి పువ్వు పెట్టడానికి పనికిరాకపోయాడు. ప్రతిభ కులాన్ని చెరిపేస్తుందనేవారు ఆ హాస్టల్ వరండాలో ఒకసారి నిలబడి చూడాలి. జ్ఞానచంద్ర ఘోష్ వంటి కొందరు మిత్రులు సాహా పక్షాన నిలిచి, ఆయనతో పాటు హాస్టల్ వదిలి బయట మెస్సులో చేరారు. ఆ మిత్రులను కూడా చరిత్ర గుర్తుపెట్టుకోవాలి.

హాస్టల్ అనేసరికి మన తరానికి హైదరాబాద్ గుర్తుకు రాక తప్పదు. నక్షత్రాలను, ప్రకృతిని ప్రేమించి, శాస్త్ర రచయిత కావాలని కలగన్న రోహిత్ వేములను 2015లో మరో నలుగురు పరిశోధక విద్యార్థులతో పాటు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి సస్పెండ్ చేశారు. 2016 జనవరి 17న ఆయన చనిపోయారు. రెండు ఘటనలూ ఒకటే అని నేను అనను. కాలం వేరు, కారణాలు వేరు, ప్రభుత్వాలు వేరు. కానీ భారతీయ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల కంటే ముందు హాస్టల్ చరిత్ర రాయాలన్న అభిప్రాయం నాకు ఈ రెండు జీవితాలను పక్కపక్కన చదివినప్పుడే కలిగింది.

సాహా 1913లో బీఎస్సీ, 1915లో ఎమ్మెస్సీ పూర్తి చేశారు. రెండుసార్లూ సత్యేంద్రనాథ్ మొదట, సాహా తర్వాత. రెండూ గణితంలోనే. ఇంటికి డబ్బు కావాలి కనుక ప్రభుత్వ ఆర్థిక సర్వీసు పరీక్ష రాయాలనుకున్నారు. విప్లవకారులతో పరిచయాలున్నాయన్న కారణంగా అనుమతి రాలేదు. సైకిలు మీద కలకత్తా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి ట్యూషన్లు చెప్పుకున్నారు. అశుతోష్ ముఖర్జీ కొత్తగా పెట్టిన యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్ 1916లో ఆయనను ఉపన్యాసకుడిగా తీసుకుంది. మొదట గణితశాఖలో ఉండి, అక్కడ పొసగక భౌతికశాస్త్రశాఖకు మారారు. ఎమ్మెస్సీలో తాను చదవని విషయాలను రాత్రి నేర్చుకుని పగలు పాఠం చెప్పేవారు. ఉష్ణగతిక శాస్త్రం, వర్ణపట శాస్త్రం అలా ఒంటబట్టాయి. యుద్ధకాలం, ఐరోపా పత్రికలు సరిగా రావు. దొరికిన జర్మన్ పుస్తకాలతోనే ఆయన, సత్యేంద్రనాథ్ కలిసి ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా పత్రాలను ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం వాటిని పుస్తకంగా వేసింది.

డబ్బు లేకపోవడం శాస్త్రంలో ఎలా పనిచేస్తుందో చెప్పే ఉదంతం ఒకటుంది. కాంతి తాకిడి పరమాణువులను ఎలా నెడుతుందన్న విషయం మీద సాహా ఒక పెద్ద పత్రం రాసి 1917లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపారు. ముద్రణ ఖర్చులో కొంత రచయిత భరిస్తేనే వేస్తామని జవాబు వచ్చింది. ఆ ఖర్చు పెట్టుకోగల స్థితి ఆయనకు లేదు. పత్రం చివరికి కలకత్తా విశ్వవిద్యాలయం సొంత పత్రికలో వచ్చింది. ఐరోపాలో దాన్ని చదివేవారు ఎందరు? తర్వాత అదే దారిలో నడిచిన ఇతరులకు పేరు వచ్చింది. మన చరిత్రల్లో ఇలాంటి వాటికి దురదృష్టం అని పేరు పెడతారు. నేనైతే దాన్ని ఒక రసీదు అంటాను.

ఇక అసలు విషయం. సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపితే రంగుల పట్టీలో సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి తనవైన గీతలుంటాయి. హార్వర్డ్ వేధశాలలో ఆనీ కానన్ వంటి మహిళలు లక్షలాది నక్షత్రాల వర్ణపటాలను చూసి, గీతల తీరును బట్టి వాటిని ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం అనే తరగతులుగా విడగొట్టారు. కానీ ఒక నక్షత్రంలో హైడ్రోజన్ గీతలు బలంగా, మరొకదానిలో కాల్షియం గీతలు బలంగా ఎందుకున్నాయో చెప్పే లెక్క లేదు. ఆ నక్షత్రాలు వేర్వేరు పదార్థాలతో తయారై ఉంటాయనుకోవడం సులువైన జవాబు. సూర్యుడి దగ్గరే ఇంకో చిక్కు ఉంది. ఎలక్ట్రాన్ కోల్పోయిన కాల్షియం సూర్యుడి ఉపరితలానికి వేల కిలోమీటర్ల పైన, పలచని వర్ణావరణంలో బలంగా కనిపిస్తుంది. కింద అంత బలంగా ఉండదు. పైకి పోయేకొద్దీ వేడి తగ్గాలి కదా, మరి అక్కడ పరమాణువు విరగడం ఏమిటి?

సాహా జవాబు వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడాన్ని ఆయన రసాయన చర్యలా చూశారు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నంగా, వాయువుగా విడిపోతుంది. ఎంత విడిపోతుందన్నది వేడిమీద, పీడనం మీద ఆధారపడుతుంది. పరమాణువూ అంతే. వేడి పెరిగితే ఎలక్ట్రాన్ ఊడుతుంది, పీడనం తగ్గినా ఊడుతుంది, ఎందుకంటే పలచని చోట ఊడిన ఎలక్ట్రాన్‌కు తిరిగి కలిసే తోడు దొరకదు. నెర్న్‌స్ట్ రసాయన సూత్రాన్ని, బోర్ పరమాణు సిద్ధాంతాన్ని ఒకచోట చేర్చితే ఏ వేడిలో, ఏ పీడనంలో, ఏ మూలకంలో ఎంత భాగం ఎలక్ట్రాన్ కోల్పోతుందో లెక్క వస్తుంది. జర్మనీలో ఎగర్ట్ ఇలాంటి ప్రయత్నం చేశారు గానీ ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి విలువలను సరిగా వాడలేదు. ఆ లోటును సాహా పూరించారు. పత్రం 1920 అక్టోబర్‌లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది కలకత్తాలోనే రాసిందని ఆయన తర్వాత గట్టిగా చెప్పుకునేవారు, చెప్పుకోవలసి వచ్చింది కూడా. లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ ప్రయోగశాలకు, బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ దగ్గరకు ఆయన వెళ్లింది ఆ తర్వాతే. లండన్‌లో ఆ సిద్ధాంతాన్ని మెరుగుపరిచి నక్షత్రాలన్నిటికీ వర్తింపజేశారు.

ఆ ఒక్క సమీకరణంతో హార్వర్డ్ తరగతులు ఉష్ణోగ్రతల నిచ్చెనగా మారాయి. ఎం తరగతి సుమారు మూడు వేల డిగ్రీలు, మన సూర్యుడు ఆరు వేలకు కాస్త తక్కువ, ఓ తరగతి ముప్పయి వేలు, ఆపైన. 1925లో సిసీలియా పేన్ అనే యువతి హార్వర్డ్‌లో సాహా సమీకరణాన్నే సాధనంగా చేసుకుని, నక్షత్రాల కూర్పు దాదాపు ఒకటేనని, వాటిలో అత్యధికం హైడ్రోజనేనని చూపింది. ఆమె మాటను మొదట పెద్దలు ఒప్పుకోలేదు. అదింకో కథ. పాఠం ఇక్కడికి వచ్చేసరికి తరగతిలో ఎవరో ఒకరు లేచి, అయితే తేడా పదార్థంలో లేదు, వేడిలోనూ ఒత్తిడిలోనూ ఉందన్నమాట కదా సార్, అని అడుగుతారు. వారి ఉద్దేశం నాకు తెలుసు. భౌతికశాస్త్రాన్ని నీతికథగా మార్చడం నాకిష్టం ఉండదు, అవునని మాత్రం చెప్పి ముందుకు పోతాను.

నక్షత్రాలు చదివిన మన తెలుగు నేల మనిషి కూడా ఒకరున్నారు. వేణు బాప్పు తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. 1927లో పుట్టిన బాప్పు ఆ దుర్భిణుల మధ్యే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకరయ్యారు. తమిళనాడులోని కావలూరులో ఆయన కట్టించిన వేధశాల నేడు ఆయన పేరుతోనే ఉంది. 1982లో చనిపోయేవరకు ఆయన పడ్డ శ్రమను ఎవరూ తక్కువ చేయలేరు. నేను చెప్పదలచింది ఒక్కటే. నాన్న పనిచేసే చోట దుర్భిణి ఉండటం ఒక ఆస్తి. దాన్ని మనం ఆస్తి అని పిలవం, వాతావరణం అంటాం. శేవరాతలి కిరాణా కొట్లో ఆ వాతావరణం లేదు. సాహా తన ఉత్తమ కృషినంతా దుర్భిణి లేకుండానే చేశారు.

1921లో ఖైరా ఆచార్యుడిగా కలకత్తాకు తిరిగి వచ్చారు. పరిశోధనకు నిధులు లేక 1923లో అలహాబాద్ వెళ్లి పదిహేనేళ్లు అక్కడే ఉన్నారు. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. విప్లవకారులతో పాత పరిచయాల మీద పోలీసు నివేదికలు దానికి అడ్డుపడేందుకు చూశాయి. ఆ గౌరవం వచ్చాకే ప్రభుత్వం నుంచి చెప్పుకోదగ్గ పరిశోధనా గ్రాంటు కదిలింది. నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదన వెళ్లింది, రాలేదు. శ్రీవాస్తవతో కలిసి రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథం మాత్రం దేశంలో తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. సి.వి. రామన్‌తో ఆయనకు పడలేదు. ఆ వైరాన్ని కేవలం కులానికి కుదించడం సరికాదు, కులం ప్రసక్తే లేదనడమూ సరికాదు. శాస్త్ర చరిత్రకారిణి ఆభా సూర్ ఈ ఇద్దరి శాస్త్రీయ దృక్పథాలలోనే సామాజిక నేపథ్యాల ముద్రను వెతికారు, ఆసక్తి ఉన్న విద్యార్థులు చదవాలి.

1930ల నుంచి సాహా చూపు నక్షత్రాల నుంచి నేలకు దిగింది. 1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రిక స్థాపించారు. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘం వెనుక ఆయన ప్రోద్బలం ఉంది. నదుల మీద ఆయనకు చిన్ననాటి నుంచీ పట్టింపు. వరదల్లో మునిగే ఊరిలో పుట్టారు, విద్యార్థిగా దామోదర్ వరద సహాయంలో పాల్గొన్నారు. 1943 దామోదర్ వరద తర్వాత వేసిన విచారణ సంఘంలో సభ్యుడై, అమెరికాలోని టెనెస్సీ లోయ నమూనాలో నదీలోయ మొత్తాన్ని ఒకే ప్రణాళిక కింద తేవాలని వాదించారు. ఆనాడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖతో పాటు ఈ విషయాన్ని చూస్తున్నది డాక్టర్ అంబేడ్కర్. 1945లో కలకత్తాలో దామోదర్ ప్రణాళికపై జరిగిన సమావేశాలకు ఆయనే అధ్యక్షుడు. సాహా రాయల్ సొసైటీలో అడుగుపెట్టిన 1927లోనే అంబేడ్కర్ మహాద్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందితో నడిచారు. నీళ్లు ముట్టనివ్వని వ్యవస్థను ఎరిగిన ఇద్దరు దేశపు నదుల గురించి ఆలోచించారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ దృశ్యం కనిపించదు.

అయితే ఆ ప్రణాళిక అందరికీ నీళ్లే ఇవ్వలేదు. దామోదర్ లోయలో మైథాన్, పంచేత్ ఆనకట్టల కింద సంతాల్ ఆదివాసుల ఊళ్లు మునిగాయి. పరిశ్రమలు, విద్యుత్తు వస్తే కులం దానంతటదే కరిగిపోతుందన్న నమ్మకం సాహాలో బలంగా ఉండేది. ఆ నమ్మకమే ఆయన పరిమితి అని నా అభిప్రాయం. ఆయన కుల నిర్మూలన ఉద్యమం నడపలేదు. హంద్రీ-నీవా కోసం దశాబ్దాలు ఎదురుచూసిన మాకు ఆనకట్టలను తిట్టే స్తోమత లేదు. కానీ కాలువ వచ్చాక ఏ పొలానికి ముందు నీళ్లు పారతాయో ఇంజనీరు గీసిన పటం ఒక్కటే నిర్ణయించదని మాకు తెలుసు.

అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే ధోరణి మీద సాహా బెంగాలీ పత్రిక భారతవర్షలో రాసిన వ్యాసాలు పెద్ద దుమారం లేపాయి. యువకుడిగా ఉన్నప్పుడు ఢాకాలో ఒక వకీలు ఆయన పరిశోధన గురించి ఆసక్తిగా అడిగి, అంతా విని, ఇందులో కొత్తేముంది, ఇదంతా వేదాల్లో ఉన్నదే అన్నాడట. ఏ వేదంలో, ఎక్కడ అని అడిగితే తాను చదవలేదని ఒప్పుకున్నాడట. సాహా మాత్రం ఆ తర్వాత పాత గ్రంథాలను పట్టుబట్టి చదివారు, తిట్టడానికి కాదు, తేల్చడానికి. ఆ చదువు మరోచోట అక్కరకు వచ్చింది.

1952లో కేంద్ర ప్రభుత్వ శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసి సాహాను అధ్యక్షుడిగా నియమించింది. సరస్వతి విగ్రహం దగ్గరకు రానివ్వని కులం మనిషి దేశంలోని పంచాంగాలన్నిటినీ తెప్పించుకుని తప్పులు దిద్దే కుర్చీలో కూర్చున్నారు. దేశంలో సుమారు ముప్పయి రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయని సంఘం లెక్కతేల్చింది. వాటిలో అసలు జబ్బు ఒకటే. భూమి అక్షం మెల్లగా దిశ మారుస్తుంది కనుక నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాదికీ, ఋతువుల ఏడాదికీ మధ్య డెబ్బయ్యేళ్లకు ఒక రోజు చొప్పున తేడా పేరుకుంటుంది. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 22న. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14న. ఇరవై మూడు రోజుల తప్పు.

అనంతపురం రైతుకు ఇది పండితుల గొడవ కాదు. మా వైపు వేరుశనగ విత్తేది కార్తెలు చూసి. రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటే సూర్యుడు ఆయా నక్షత్రాల దగ్గర ఉండే రోజులు. గొర్రెల కాపరి, కౌలు రైతు ఆకాశాన్నీ నేలనూ కలిపి చదివిన జ్ఞానం అది. దాన్ని పుస్తకంగా వేసి, ఉగాది నాడు అరుగు మీద కూర్చుని ఈ ఏడు మేఘాధిపతి ఎవరో, వాన ఎంతో చదివే హక్కు మాత్రం వేరే కులానిది. కార్తె కూడా ఋతువు నుంచి జారిపోతోందని సాహా సంఘం లెక్క చెబుతుంది. జారుతున్న లెక్కను దిద్దమని అడిగే చోటు ఆ అరుగు కింద కూర్చున్నవాడికి లేదు. వాన తప్పితే అప్పు అతనిదే, పంచాంగానికి ఏ నష్టమూ లేదు.

సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. మార్చి 22న, లీపు సంవత్సరంలో మార్చి 21న చైత్రంతో మొదలయ్యే శక సంవత్సరాన్ని దేశమంతటికీ సూచించింది. మత పండుగల దగ్గర పూర్తి సవరణకు సాహసించలేదు. ఇప్పటికే పేరుకున్న తేడాను అలాగే ఉంచి, ఇకముందు పెరగకుండా చూడమన్నది. అది రాజీయే. అయినా పంచాంగకర్తలు చాలామంది దాన్నీ పట్టించుకోలేదు. ప్రభుత్వం రాష్ట్రీయ పంచాంగాన్ని తెలుగులో కూడా ప్రచురిస్తుంది. ఆకాశవాణిలో, రాజపత్రంలో శక తేదీ ఉంటుంది. సంక్రాంతి ఎప్పటి రోజునే వస్తుంది.

ఆ ఏళ్లలోనే ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా. తొలి సాధారణ ఎన్నికల్లో వామపక్షాల మద్దతుతో కలకత్తా వాయవ్య స్థానం నుంచి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించి లోక్‌సభకు వచ్చారు. 1950లో తాను ప్రారంభింపజేసిన అణు భౌతికశాస్త్ర సంస్థను నడుపుతూనే, అణుశక్తి కార్యక్రమం చుట్టూ అల్లిన గోప్యతను సభలో నిలదీశారు. భాభా దారి వేరు, ఆయన దారి వేరు. విశ్వవిద్యాలయాలను ఎండగట్టి ప్రభుత్వ సంస్థలను మాత్రమే పెంచితే, కొద్దిమందికి తప్ప పరిశోధన అందదన్నది ఆయన వాదన. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల గురించి, చదువుల గురించి, నదుల గురించి విసుగు లేకుండా మాట్లాడారు. ఆయన పుట్టిన ఊరు అప్పటికి వేరే దేశంలో ఉంది.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో, ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళ్తూ, రాష్ట్రపతి భవన్ సమీపంలో గుండెపోటుతో కుప్పకూలి ఆయన మరణించారు. వయసు 62. ఆయన సూచించిన శక పంచాంగం అధికారికంగా అమల్లోకి వచ్చింది 1957 మార్చి 22న, పదమూడు నెలల తర్వాత.